గుంత తవ్వకముందే: పెరట్లో పండ్ల మొక్కలు నాటేవారికి జాగ్రత్తలు

టమాటా మొక్కను తప్పు చోట నాటితే ఒక కాపు పోతుంది, అంతే. ఆపిల్ మొక్కను తప్పు చోట నాటితే, తప్పు జరిగిందని తెలియడానికే నాలుగైదేళ్లు పడుతుంది. అప్పటికి చెట్టు నిండా ఆకులు కళకళలాడుతుంటాయి, పూత మాత్రం ఉండదు. నరకడానికి మనసొప్పదు, ఉంచితే చోటు దండగ. పండ్లతోట జాగ్రత్తలు చాలావరకు పలుగు పట్టకముందు తీసుకోవలసినవే.

మొదట నీటి సంగతి చూడండి. అనుకున్న చోట అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, పక్కన పుల్ల గుచ్చి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. గంటకు ఒక అంగుళమైనా దిగకపోతే ఆ చోటు పనికిరాదు. వేళ్లకు గాలి అందక కుళ్లుతాయి. చెర్రీ, పీచ్, రాస్ప్‌బెర్రీ అసలే తట్టుకోలేవు. వేరే చోటు లేకపోతే అడుగు, అడుగున్నర ఎత్తున మట్టి దిబ్బ పోసి దానిమీద నాటండి. బంకమట్టిలో పెద్ద గుంత తవ్వి, దాన్ని మెత్తటి మట్టితో, ఎరువుతో నింపి చెట్టుకు ఎంతో మేలు చేశామనుకుంటాం. నిజానికి మనం అక్కడ ఒక తొట్టి కట్టినట్టే. చుట్టుపక్కల వాన నీరంతా అందులోకి చేరి, బయటికి పోలేక నిలుస్తుంది. వేళ్లూ ఆ మెత్తదనం దాటి గట్టి నేలలోకి వెళ్లవు. తవ్విన మట్టితోనే గుంత పూడ్చడం మంచిది.

ఎండ రోజుకు ఆరు గంటలకు తగ్గకూడదు. మంచు కురిసే ప్రాంతమైతే పల్లపు చోటు వదిలేయండి. చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రిపూట నీటిలాగే పల్లానికి పారి అక్కడే నిలుస్తుంది. పూర్తిగా విచ్చిన ఆపిల్ పూతలో మైనస్ 2 డిగ్రీల దగ్గర సుమారు పదో వంతు, మైనస్ 4 దగ్గర దాదాపు మొత్తం మాడిపోతుంది. ఆ రెండు డిగ్రీల తేడా ఒకే పెరట్లో మిట్టకూ పల్లానికీ మధ్య ఉండవచ్చు. పాత ఆపిల్ చెట్టు చచ్చిన గుంతలోనే కొత్త ఆపిల్ పెట్టకండి. ఆ మట్టిలో మిగిలిన తెగుళ్లు కొత్త వేళ్లను ఎదగనివ్వవు.

రకం ఎంచుకోవడంలో ఎక్కువమంది మోసపోయేది పండు బొమ్మ చూసి. ఆపిల్, పియర్, ప్లమ్, చెర్రీ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్ర తీరాలంటే కొన్ని వందల గంటల చలి కావాలి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉన్న గంటలను కూడి ఈ లెక్క కడతారు. చాలా ఆపిల్ రకాలు 800 నుంచి 1000 గంటలు అడుగుతాయి. అన్నా, డోర్సెట్ గోల్డెన్ లాంటివి 300 గంటలతో సరిపెట్టుకుంటాయి. చలి చాలనంత మాత్రాన చెట్టు చావదు, చిక్కంతా అక్కడే. ఆలస్యంగా చిగురించి, అక్కడొకటి ఇక్కడొకటి పూసి, మన ఆశను ఏటా బతికిస్తూ ఉంటుంది. తక్కువ చలి రకాన్ని బాగా చలి ఉన్నచోట పెడితే కథ తిరగబడుతుంది: నాలుగు వెచ్చటి రోజులు రాగానే తొందరపడి పూస్తుంది, తర్వాతి మంచు ఆ పూతను తీసుకుపోతుంది.

తోడు చెట్టు సంగతి కొనేటప్పుడే అడగండి. ఆపిల్, పియర్, తియ్య చెర్రీ రకాల్లో చాలావాటికి అదే జాతిలోని మరో రకం పుప్పొడి కావాలి, అదీ అదే రోజుల్లో పూసేది. ఒకే రకానివి రెండు పెడితే ఒకటి పెట్టినట్టే. జోనాగోల్డ్, బ్రామ్లీ లాంటి ఆపిల్ రకాల పుప్పొడి ఎవరికీ ఉపయోగపడదు. అవి ఉంటే తోడుగా మరో రెండు రకాలు పెట్టాలి. పీచ్, పుల్ల చెర్రీ ఒంటరిగానే కాస్తాయి. కివీలో మగ తీగ, ఆడ తీగ వేరు.

గింజ నాటి అదే పండు కోసం ఎదురుచూడకండి. తల్లి చెట్టు గుణం గింజలో రాదు. అంటు మొక్కే కొనండి, కొంటూ వేరుమూలం (అంటు కట్టిన కింది వేళ్ల మొక్క) పేరు కూడా అడగండి. చెట్టు ఎత్తును నిర్ణయించేది అదే. ఎం27 అనే వేరుమూలం మీద కట్టిన ఆపిల్ మనిషి ఎత్తు దాటడం అరుదు, ఎం9 మీద సుమారు మూడు మీటర్లు, ఎంఎం111 మీద పెద్ద చెట్టే. ఎం9 వేళ్లు పెళుసు కాబట్టి దానికి జీవితాంతం ఊతకర్ర ఉండాలి. నేను మొదటిసారి నాటిన పొట్టి రకానికి, గాలికి ఊగకుండా ఉంటుందని అంటు అతుకు పైదాకా మట్టి ఎగదోశాను. అతుకు పైభాగం సొంతంగా వేళ్లు దించింది. పొట్టితనం వేరుమూలానిది కదా, దానితో ఇక పనేముంది? కొన్నేళ్లకు నిచ్చెన వేసినా కొమ్మలు అందలేదు. అతుకు ఎప్పుడూ నేలకు నాలుగు చేతివేళ్ల ఎత్తున కనిపించాలి.

బెర్రీలది వేరే లోకం. బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.5 పీహెచ్ (నేల ఆమ్లత కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) ఉన్న ఆమ్ల నేల కావాలి. ఈ సంగతిని 1910లో ఫ్రెడరిక్ కోవిల్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త తన ప్రయోగాలతో చూపించాడు. ఎరువు, సున్నం వేసి బలిపించిన తోటమట్టి దానికి మేలు కాదు, కీడు. లేత ఆకు పసుపురంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నేలలో ఇనుము లేదని కాదు, ఆ పీహెచ్‌లో మొక్కకు అది అందడం లేదని. గంధకం నేలను ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది, కాబట్టి నాటడానికి ఏడాది ముందే కలపండి. టమాటా, బంగాళాదుంప, వంకాయ పండించిన మడిలో రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ వద్దు. వాటి ఎండుతెగులు శిలీంద్రం మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. స్ట్రాబెర్రీ మొక్క నడిమి మొగ్గ, అంటే ఆకులు పుట్టే చోటు, సరిగ్గా నేలమట్టాన ఉండాలి: మునిగితే కుళ్లుతుంది, తేలితే ఎండుతుంది. బ్లాక్‌కరెంట్‌ను మాత్రం నర్సరీ మట్టం కన్నా రెండు అంగుళాలు లోతుగా నాటాలి, అడుగు నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. పైన్ చెట్ల తెగులుకు ఆశ్రయమిస్తుందని అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో దీని పెంపకంపై ఇప్పటికీ ఆంక్షలున్నాయి.

నాటే రోజున భూమిలో కరెంటు తీగలు, గ్యాస్, నీటి గొట్టాలు ఎటు పోతున్నాయో తెలియకుండా పలుగు వేయకండి. మట్టి లేని వేళ్లతో వచ్చిన మొక్కను గంటసేపు నీళ్లలో ఉంచి, గుంత దాకా తడి గోనెసంచిలో తీసుకెళ్లండి. ఎండలో పావుగంట చాలు, సన్నవేళ్లు చచ్చిపోవడానికి. కుండీ మొక్క అయితే గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విడదీయండి, రాకపోతే కోయండి. వదిలేస్తే పెరిగి మొదలుకే ఉరి అవుతాయి. గుంత వెడల్పు వేళ్ల విస్తారానికి రెండు మూడు రెట్లు, లోతు మాత్రం వేళ్లంతే. ఎరువు గుంతలో వేయకండి. పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఆకులో గడ్డో పరచి, మానుకు జానెడు దూరం ఖాళీ ఉంచండి. తడి ఆనుకుంటే బెరడు కుళ్లుతుంది, ఎలుకలకూ మరుగవుతుంది. మొదటి ఏడాది పిందెలు తుంచేయండి. చేయి ఆడదు, తెలుసు.

చివరగా, కొమ్మకు పేరు చీటీ కట్టిన సన్నటి తీగ చూడండి. మూడేళ్ల తర్వాత నా ప్లమ్ చెట్టులో ఒకే ఒక కొమ్మ వాడిపోతుంటే పురుగేమోనని బెరడు గీకాను. లోపల తీగ తగిలింది, చుట్టూ చెక్క ఉబ్బి దాన్ని మింగేసింది. ఆ చీటీని విప్పి ఊతకర్రకు కట్టండి.