నల్ల సిలిండర్‌తో జాగ్రత్త

గ్యాస్ కటింగ్, అంటే గ్యాస్, ఆక్సిజన్ కలిపిన మంటతో ఇనుము కోయడం, నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ముందు ఎల్పీజీ సిలిండర్‌కు దూరంగా జరుగుతారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా లారీ ఛాసిస్‌లు కోస్తున్న నాకు మాత్రం నల్లగా ఉండే ఆక్సిజన్ సిలిండరంటేనే భయం. గ్యాస్ లీకైతే వాసనకు తెలిసిపోతుంది. ఆక్సిజన్ లీకైతే ఏ గుర్తూ ఉండదు.

మా షెడ్డులో ఒక హెల్పరు భోజనానికి వెళ్లబోతూ ప్యాంటు మీది దుమ్ము పోవడానికి, మంటతో కోసే పరికరమైన టార్చ్‌లోంచి ఆక్సిజన్ కొట్టుకున్నాడు. చల్లగా ఉందని నవ్వాడు కూడా. పక్కన గ్రైండింగ్ నుంచి ఒక రవ్వ వచ్చి అతని మోకాలి మీద పడింది. అలాంటి రవ్వలు రోజూ వందల కొద్దీ పడి, మహా అయితే చిన్న చిల్లు చేసి ఆరిపోతాయి. ఆ రోజు మాత్రం ఆక్సిజన్ పట్టిన గుడ్డ ఒక్కసారిగా భగ్గుమంది. బకెట్ నీళ్లు దగ్గర ఉండబట్టి కాలు దక్కింది.

నిండు సిలిండర్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోలు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు నూనె గానీ గ్రీజు గానీ తగిలితే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. మెకానిక్ షెడ్డులో గ్రీజు అంటని చెయ్యి ఎక్కడ ఉంటుంది? అందుకే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. రెగ్యులేటర్ బిగించే ముందు సిలిండర్ వాల్వును క్షణం తెరిచి మూస్తే వాల్వు నోటిలోని దుమ్ము పోతుంది. బిగించాక రెగ్యులేటర్ స్క్రూ వదులుగా ఉంచి, పక్కకు నిలబడి, వాల్వు మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే ఆక్సిజన్ దూసుకొచ్చి నొక్కుకుని, ఆ వేడికే రెగ్యులేటర్ లోపల కాలిపోవచ్చు.

నీలం పైపు ఆక్సిజన్‌ది. గ్యాస్ వైపు నట్టుకు ఎడమ మర, మూలల మీద గాట్లు ఉంటాయి. రెండు వైపులా ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్, అంటే మంట పైపులోకి వెనక్కి పోకుండా ఆపేది, ఉండాలి. పైపులకు క్లిప్పులే వేయండి, తీగ చుట్టొద్దు. అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి బుడగలు చూడండి. ఎల్పీజీ బదులు ఎసిటిలీన్ గ్యాస్ వాడేవారు దాని ఒత్తిడి ఒక కిలో దాటనివ్వొద్దు, సిలిండర్‌ను పడుకోబెట్టొద్దు.

నూలు బట్టలు, తోలు చేతితొడుగులు, 5వ నంబరు నలుపు అద్దాల గాగుల్స్ వేసుకోండి. ప్యాంటు అంచు బూటు లోపలికి దోపితే రవ్వలు అందులోకే జారతాయి. ముందు గ్యాస్ కొద్దిగా వదిలి లైటర్‌తో వెలిగించి, తర్వాత ఆక్సిజన్ కలపండి.

ఇనుమును కరిగించి కోస్తామని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆక్సిజన్‌లో దాన్ని కాలుస్తాం. అందుకే స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఈ టార్చ్‌కు లొంగవు. పది మిల్లీమీటర్ల ప్లేటు అంచు పండుమిరప రంగు దాటి నారింజకు తిరిగాక, కోతకు ఆక్సిజన్ వదిలే లీవరు నొక్కండి. రవ్వలు కిందికి దూకుతూ, కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడు ఒకే తీరుగా వస్తుంటే కోత సరిగ్గా పడుతోంది. రవ్వలు ముఖం వైపు ఎగిస్తే ప్లేటు తెగడం లేదు, వేగం తగ్గించండి. టార్చ్ లోపల కీచుమంటే మంట వెనక్కి వెళ్లిందని అర్థం. ముందు ఆక్సిజన్, వెంటనే గ్యాస్ కట్టేయండి.

సిమెంటు నేల మీద పెట్టి కోయకండి. వేడికి నేల పెచ్చులు పేలి ముఖాన కొడతాయి. మూసి ఉన్న దేన్నీ కోయకండి. డ్రమ్ములు, షాక్ అబ్జార్బర్లు, డీజిల్ ట్యాంకు, అన్నీ అంతే. ఖాళీ ట్యాంకేగా అంటూ ఓనర్లు తొందరపెడతారు. అందులో మిగిలే ఆవిరి చాలు పేలడానికి. లారీ వెనుక బ్రేక్ చాంబర్లలో నొక్కిపెట్టిన పెద్ద స్ప్రింగు ఉంటుంది. అది తెగితే చాంబరు మూత గుండులా వస్తుంది. వాటి దగ్గర నేను టార్చ్ వెలిగించను, ఎవరు తిట్టినా సరే.

పని అయ్యాక సిలిండర్ వాల్వులు మూసి, పైపుల్లో మిగిలిన గ్యాస్ ఒక్కొక్కటిగా వదిలేయండి. రవ్వలు పది మీటర్ల దాకా వెళతాయి. లారీ బాడీ చెక్కల సందుల్లో పడిన రవ్వ ఎంతోసేపటికి గానీ పొగ లేవదు. అందుకే చివరి కోత తర్వాత కనీసం అరగంట అక్కడే ఉంటాను. టీ కూడా అక్కడికే తెప్పించుకుంటాను. పోయిన నెలలో సగం గ్లాసు తాగానో లేదో, చెక్క కింద నుంచి గోనె కాలిన వాసన వచ్చింది.