ఇంటి సింగారం – ఐదో పాఠం: ఆత్తంగుడి పచ్చ, జాతర ఎరుపు

పోయిన పాఠం చివర మీకు ఒక్క పనే చెప్పాను. ఈమధ్య చూసొచ్చిన ఊళ్లలో మీకు బాగా నచ్చిన చోటు ఒకటి తలుచుకుని, అక్కణ్నుంచి ఒకే ఒక్క రంగు ఇంటికి తెచ్చుకోండి అన్నాను. తెచ్చుకున్నారు. ఫోటోలూ పంపారు. అవి చూశాక ఈసారి చెప్పాల్సిన పండగల పాఠాన్ని సగానికి కుదించేశాను. ముందు ఈ గోడల సంగతి తేలాలి.

కొర్లగుంట నుంచి ఒకావిడ రాశారు. తమిళనాడులోని కారైకుడి వెళ్లొచ్చారట. అక్కడి చెట్టినాడు ఇంట్లో నేల మీద పరిచిన పలకల్లో చూసిన ఆకుపచ్చ మనసులో నుంచి పోలేదట. ఫోన్లో ఫోటో పెయింట్ షాపులో చూపించి, అదే రంగు కలిపించి, హాలు నాలుగు గోడలకీ కొట్టించారు. "మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, డాక్టరుగారు ఎన్నింటికి వస్తారు అని అడిగాడు మేడమ్" అని రాశారు. నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వులో సగం నా మీదే. రంగు తెచ్చుకోమన్నాను, ఎలా తేవాలో చెప్పలేదు. అది అందరికీ తెలిసిందేలే అనుకున్నాను.

బైరాగిపట్టెడలో కొత్తగా కాపురం పెట్టిన జంట మన తిరుపతి గంగమ్మ జాతరలో చూసిన కుంకుమ ఎరుపు హాలుకి వేశారు. మూడో రోజుకే తలనొప్పి మొదలైందట. ఎరుపు గోడలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడితే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడుతుంది. సీలింగు కూడా ఎర్రబారుతుంది, మనుషుల మొహాలూ ఎర్రబడతాయి. చిత్తూరు నుంచి ఒకాయన వేసిన పాండిచ్చేరి పసుపు మాత్రం బాగా కుదిరింది. కారణం ఆయనకే తెలియదు. బాల్కనీ గోడ ఒక్కదానికే వేశారు, పైగా అక్కడ నేరుగా ఎండ పడుతుంది. పాండిచ్చేరిలో ఆ పసుపు ఉండేది కూడా వీధి వైపు గోడకే కదా, ఎండలోనే.

ఇప్పుడు ఆత్తంగుడి పచ్చ సంగతికి వద్దాం. కారైకుడి దగ్గరి ఆత్తంగుడిలో ఆ పలకల్ని చేత్తో చేస్తారు. గాజు పలక మీద అచ్చు పెట్టి, గళ్లలో రంగులు పోసి, వెనక సిమెంటు, ఇసుక వేసి, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. బట్టీలో కాల్చరు. గాజుకి ఆనుకున్న వైపే పైకి వస్తుంది కాబట్టి ఆ నునుపు. అయితే ఆ పచ్చ ఉండేది నేల మీద. చుట్టూ సున్నంలో గుడ్డు తెల్లసొన కలిపి పూసిన తెల్లటి గోడలు, నిలువెత్తుకి రెండింతల ఎత్తు. నడిమధ్యన ఆకాశానికి తెరిచిన ముంగిలి. అక్కణ్నుంచి పడ్డ వెలుగు తెల్ల గోడకి తగిలి పలక మీదికి దిగుతుంది. ఆ ఇంట్లో మీ కంటికి పట్టేదాంట్లో పచ్చ ఎంత? పదింట ఒకటో రెండో పాళ్లు. దాన్నే పది బై పన్నెండు హాల్లో నాలుగు గోడలకి ఎత్తి, పైన ట్యూబ్‌లైట్ వేస్తే వచ్చేది ఆసుపత్రే.

ఒక ఊరి నుంచి రంగు తెచ్చేటప్పుడు దాన్ని ఒంటరిగా తేకూడదు. అది దేని మీద ఉంది, దేని పక్కన ఉంది, ఎంత ఉంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఈ నాలుగూ కూడా తేవాలి. నేను పోయినసారి మింగేసింది ఇదే.

ఇక నా ఒళ్లు మండించే సంగతి. దయచేసి ఫోన్ ఫోటో పట్టుకుని పెయింట్ షాపుకి వెళ్లకండి. మీరు పంపిన పదిహేడు ఫోటోల్లో పదకొండు ఇలాగే చెడ్డాయి. ఎందుకు వద్దో ఒకసారి నిదానంగా చెబుతాను, మళ్లీ అడగొద్దు. ఫోన్ కెమెరా తనకి తోచినట్టు తెలుపు ఏదో నిర్ణయించేసుకుని, మిగతా రంగులన్నీ దాన్నిబట్టి జరిపేస్తుంది. నీడలో తీస్తే ఒక పచ్చ, రెండడుగులు ముందుకొచ్చి ఎండలో తీస్తే ఇంకో పచ్చ. ఆకులూ ఆకాశమూ బాగా కనపడాలని కొన్ని ఫోన్లు పచ్చనీ నీలాన్నీ ఇంకాస్త చిక్కగా చేసి చూపిస్తాయి. అదంతా సరిగ్గా వచ్చిందనుకుందాం. స్క్రీను తనే వెలుగుతుంది. గోడ వెలగదు, తన మీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. వెలిగే రంగునీ వెలగని రంగునీ ఒకటిగా కలపమంటే షాపులో కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? పైగా ఒకే పలక ఫోటోలో మెరిసే చోట ఒక రంగు, అంచున ఒక రంగు, నీడలో ఒక రంగు. వాటిలో ఏది మీది? కుర్రాడు తన కంటికి ఆనింది కలుపుతాడు. అదీ గోరంత ముక్క చూసి. గోరంత చూసి ఎంచిన రంగు గోడంత అయ్యేసరికి రెండు మెట్లు చిక్కగా కనిపిస్తుంది. తడి మీద ఒకలా ఉన్న ఎమల్షన్ పెయింట్ ఆరాక కాస్త ముదురుతుంది. సున్నం అయితే ఆరాక తేలిపోతుంది. ఇన్ని మలుపులు తిరిగొచ్చిన రంగు కారైకుడి రంగు ఎలా అవుతుంది?

నేనూ చేశాను ఈ పని, ఒప్పుకుంటున్నాను. ప్రింటు తీసిన ఫోటో చూసి వంటింటికి పసుపు వేయించాను. ఆవపిండి కలిపినట్టు వచ్చింది. ఆ గోడ ఎదురుగా రెండేళ్లు కాఫీ తాగాను.

ఫోటో బదులు నా దగ్గరున్న దారి చీర. పాత నూలు చీరల్లో ఆ రంగుకి దగ్గరిది ఒకటి వెతకండి. మీ బీరువాలో లేకపోతే అత్తగారి బీరువాలో, అక్కడా లేకపోతే పక్కింట్లో. పట్టు వద్దు, మెరుస్తుంది. ఆ చీరని గోడ మీద పైనుంచి కిందికి వేలాడదీసి మూడు రోజులు ఉంచండి. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి లైటు కింద ఒకసారి చూడండి. మన ఇళ్లలో తెల్ల ఎల్‌ఈడీ బల్బులు ఎక్కువగా 6500 కెల్విన్‌వి, అంటే కాస్త నీలం కలిసిన తెల్ల వెలుగువి. అట్టపెట్టె మీద రాసుంటుంది. ఆ వెలుగులో పచ్చ నీలానికి జరుగుతుంది, ఎరుపు మసకబారుతుంది. పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బు కింద అదే చీర ఇంకో చీరలా కనిపిస్తుంది. మూడు పూటలా నచ్చితేనే డబ్బా కొనండి. అదీ చిన్న డబ్బా. రెండడుగుల అట్ట మీద రెండు కోటింగులు వేసి, ఆరాక గోడ గోడకీ ఆనించి చూడండి.

ఇప్పటికే వేసేసినవాళ్లు నాలుగు గోడలూ గోకించక్కర్లేదు. కొర్లగుంట ఆవిడ పచ్చని కిందనుంచి మూడడుగుల ఎత్తు వరకే ఉంచి, పైనంతా సున్నం తెలుపుకి దగ్గరి రంగు వేయించాలి. పచ్చ మళ్లీ నేల దగ్గరికి దిగుతుంది. బైరాగిపట్టెడ జంట ఎరుపుని గోడ గూటి లోపలికి మాత్రం పరిమితం చేయాలి. అద్దె ఇల్లు కాబట్టి ఓనరుతో ముందే మాట్లాడుకోండి, అది నా పాఠంలో లేదు.

అసలు జాతర ఎరుపుని వాళ్లు సరిగ్గా చూసి ఉంటే గూడు దాకా కూడా వచ్చేది కాదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో భక్తులు రోజుకో వేషం వేస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. సున్నపు కుండల వేషం వచ్చేసరికి తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు, తల మీద చిల్లుల కుండ. ఈసారి వెళ్లినప్పుడు తోపులాటలో ఒక పక్కకి జరిగి, ఒక్క మనిషిని నిలబెట్టి చూడండి. ఏ వేషంలోనైనా ఒళ్లంతా ఒకటే రంగు. రెండో రంగు కొంచెమే. తోటి వేషంలో అంత నలుపు మీద వేపాకు మండ పచ్చ ఒక్కటే, అందుకే అది అంత దూరం నుంచి కళ్లకి కొడుతుంది. ఇంకో సంగతి, రేపు ఆ రంగు ఉండదు. కుంకుమ పూసుకున్నవాడు సాయంత్రానికి కడిగేసుకుంటాడు. ఒక్కరోజు రంగుని పదేళ్ల గోడకి వేస్తే తలనొప్పి రాక ఏం వస్తుంది? కుంకుమ ఎరుపు కావాలంటే దిండు గలీబుకి వేసుకోండి. విసుగొస్తే మార్చొచ్చు.

పండగలు. మామిడాకు తోరణం కట్టడం, బంతిపూలు గుచ్చడం మీకు తెలుసు, వదిలేస్తున్నాను. ప్లాస్టిక్ తోరణం గురించి నా అభిప్రాయం రెండో పాఠంలోనే చెప్పాను.

తిరుపతివాళ్లం కొండ మీద వాహనాలు చూసొస్తాం గానీ, దానికి ముందు జరిగేది పట్టించుకోం. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందొచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం, అంటే గుడిని శుద్ధి చేయడం. మూలవిరాట్టుని వస్త్రంతో కప్పి, గర్భాలయం మొదలు గోడలు, పైకప్పు, పూజ సామాను అన్నీ కడుగుతారు. ఆ తర్వాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచ్చిలిగడ్డ కలిపిన పరిమళ జలం అంతటా చల్లుతారు. అదయ్యాకే వస్త్రం తీసి పూజ, నైవేద్యం. అలంకారాలన్నీ ఆ తర్వాతే. మన ఇళ్లలో ఎదురు. బూజు దులపకుండానే దీపాల సీరియల్ సెట్ మేకుకి తగిలిస్తాం. పాత క్యాలెండర్ పక్కనే కొత్త తోరణం. కప్పడం, ఖాళీ చేయడం, కడగడం, వాసన పట్టించడం, ఆ తర్వాతే పెట్టడం. ఈ వరస ఇంటికి తెచ్చుకోండి. కిచ్చిలిగడ్డ ఎండబెట్టిన ముక్కలు పూజ సామాన్ల కొట్లో దొరుకుతాయి. నేను తుడిచే నీళ్లలో దాని పొడి కాస్త, పచ్చ కర్పూరం చిటికెడు వేస్తాను. ఫినాయిల్ వాసన నాకు పడదు.

బొమ్మల కొలువు గురించి చాలామంది అడిగారు. మెట్లు బేసి సంఖ్యలో ఉంటాయని మీకు తెలుసు. మెట్ల మీద పరిచే తెల్ల పంచె గురించి ఎవరూ అడగలేదు. అది తీసేసి రంగురంగుల శాటిన్ గుడ్డ పరిచి చూడండి. ఎర్రచందనం చెక్కతో చేసిన మరపాచి బొమ్మల జంట, కొండపల్లి ఏనుగు అంబారీ, పలమనేరు మట్టి గుర్రం, అన్నీ గుడ్డలో కలిసిపోతాయి. మీ షోకేసులో ఊరూరి నుంచి తెచ్చిన బొమ్మలు కనపడకపోవడానికీ కారణం అదే. వెనక అద్దం, అద్దంలో ఎదురుగా టీవీ. అద్దం మీద తెల్ల కాగితం అంటించండి, ఈ ఒక్కదానికీ ఐదు నిమిషాలు చాలు.

ముగ్గు కూడా ఇంతే. మా అవ్వ తెల్లారుజామున పేడ నీళ్లు కళ్లాపి చల్లి, ఆ తడి కాస్త ఇగిరాక కూర్చునేది. నేల మరీ తడిగా ఉంటే పిండి ముద్దలు కడుతుంది, మరీ ఆరితే గాలికి పోతుంది. అరచేతి వెనకభాగాన్ని నేలకి ఆనించి చూసేది. చెయ్యికి తడి అంటకుండా చల్లగా తగిలితే అదీ అదను. అప్పుడు తెల్ల పిండి ఆ నల్లటి నేల మీద గీత గీతా లేచి నిలబడేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గడప ముందు తెల్ల టైల్ వేస్తున్నారు. తెల్ల టైల్ మీద తెల్ల ముగ్గు కనపడదు, అందుకని స్టిక్కరు అంటిస్తున్నారు. స్టిక్కరు ఎందుకండీ, రెండడుగుల కడప నల్ల బండ ఒకటి కోయించి గడప ముందు పరుచుకోండి. అసోసియేషన్‌వాళ్లు ఏమన్నా అంటే డోర్‌మ్యాట్ అనండి. తడిగుడ్డతో తుడిచి, మా అవ్వలాగే చెయ్యి ఆనించి చూసి, చుక్కలు పెట్టండి.

సాధన కాస్త కష్టమే. పది రోజులు పడుతుంది.

వచ్చే మంగళవారం హాల్లో ఒక మూల ఎంచుకోండి. రెండు గోడలు కలిసే చోటు, అటూ ఇటూ నాలుగేసి అడుగులు. మేకులతో సహా అన్నీ తీసేయండి. కదలని బీరువా ఉంటే పాత తెల్ల దుప్పటి కప్పండి. కడగండి. ఆ రోజంతా ఖాళీగా ఉంచండి, కుర్చీ కూడా వేయొద్దు. తర్వాతి రెండు రోజులు మూడు పూటలా ఆ మూల వెలుగు చూసి నోటుబుక్కులో రాయండి. శుక్రవారం నుంచి ఏడు రోజులు, రోజుకో వేషం. మొదటి రోజు తెలుపు మాత్రమే, రెండో రోజు ఎరుపు, మూడో రోజు నలుపు, నాలుగో రోజు చందనం రంగు. మిగతా మూడు మీ ఇష్టం. ఇంట్లో ఉన్న గుడ్డలు, గిన్నెలు, పళ్లాలతోనే చేయాలి, కొత్తది ఏదీ కొనకూడదు. ప్రతి వేషంలోనూ ఒక్క రంగు మూలంతా పరుచుకోవాలి, రెండో రంగు మీ అరచేతి కన్నా పెద్దది కాకూడదు. రాత్రికి అంతా తీసేయాలి. తీసేయకుండా పక్క రోజుది దాని మీదే పెట్టారా, మళ్లీ మంగళవారం నుంచి మొదలు.

ఈసారి ఫోటోలు పంపకండి, చూడను. ఏ రోజు ఏది పెట్టారు, ఇంట్లోవాళ్లు ఏ రోజు అడక్కుండానే ఆ మూల చూసి మాట్లాడారు, ఏం మాట్లాడారు, ఈ మూడూ రాసి పంపండి. వచ్చే పాఠం దీపాల మీద. అప్పటిదాకా హాల్లో బల్బులు మార్చొద్దు.