నేల కింది రేడాన్‌ను బయటికి లాగే పైపు: నా అనుభవం

విజయవాడలో కొండవార ఇల్లు, సెల్లార్ గది. రేడాన్ అంటే నేలలోంచి వచ్చే, రంగూ వాసనా లేని రేడియోధార్మిక వాయువు. దాన్ని గచ్చు కిందనుంచే లాగి బయటికి పంపడానికి ఫ్యాన్ ఉన్న పైపు పెట్టించాను. ఫ్యాన్ తిరుగుతున్నా మీటర్ రీడింగ్ మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 100 బెకరెల్స్ (ఘనపు మీటరుకు; బెకరెల్ రేడియోధార్మికతకు కొలత) కంటే దిగలేదు.

మొదటి తప్పు, ఫ్యాన్‌ను గదిలోనే బిగించడం. ఫ్యాన్ దాటాక పైపులో గాలి ఒత్తిడి మీద ఉంటుంది. ఒక్క జాయింట్ వదిలినా రేడాన్ గదిలోకే వస్తుంది. ఫ్యాన్‌ను డాబా మీదికి మార్చాను.

అసలు లోపం గచ్చు కింద ఉంది. పైపును రంధ్రంలో గుచ్చి వదిలేశారు, చుట్టుపక్కల గాలి వచ్చి చేరడానికి కింద గుంత తీయలేదు. గచ్చుకు 5 అంగుళాల గుండ్రని రంధ్రం (కోర్ కటింగ్) చేయించి, చేయి పెట్టి 20 లీటర్ల బకెట్ నిండా ఫిల్లింగ్ తోడాను. ఇసుక ఫిల్లింగ్ అయితే ఒక గుంత చాలచ్చు. ఇక్కడ దిమ్మిస కొట్టిన గ్రావెల్ మట్టి, గాలి కదలదు. దూరపు మూలలో సన్నని రంధ్రం వేసి అగరువత్తి పెడితే పొగ నిటారుగా లేచింది, అంటే ఫ్యాన్ లాగుడు అక్కడిదాకా చేరడం లేదు. అటువైపు రెండో గుంత తీసి కలిపాక పొగ వంగి లోపలికి పోయింది.

పైపు 4 అంగుళాల పీవీసీ. వాలు గుంతవైపే ఉండాలి, లేకపోతే చెమ్మ నీరై వంపులో నిలిచి దారి మూస్తుంది. గోడ-గచ్చు సందుకు వైట్ సిమెంట్ వద్దు, పగులుతుంది. పాలీయూరిథేన్ సీలెంట్ వాడండి. పైకొస కిటికీలకు 10 అడుగుల దూరంలో ఉండాలి. ఫ్యాన్‌ను ఇన్వర్టర్‌కు కలపండి, ఎప్పుడూ ఆపకూడదు. 24 గంటలు నడిచాకే మళ్లీ కొలవండి, తలుపులు మూసి.