ఒప్పించలేని ప్రసంగం: లోపం ఎక్కడ, సవరణ ఎలా

వేదిక మీద బయటపడే లోపాల్లో చాలావరకు ప్రసంగం రాసుకున్న కాగితం మీదే పుడతాయి కాబట్టి, గొంతును, హావభావాలను సరిదిద్దుకోవడానికి ముందు ఆ కాగితాన్ని పరీక్షించాలి.

సమస్య: అందరూ తలలూపారు, చప్పట్లు కొట్టారు, కానీ ఎవరూ కదల్లేదు.

కారణం: వక్త విషయాన్ని ఎంచుకున్నారే గాని, శ్రోత ఏం చేయాలో తేల్చుకోలేదు. ఉదాహరణకు, "రక్తదానం గొప్పది" అంటే కాదనేవారు ఉండరు. కాదనేవారే లేని మాటతో ఒప్పించవలసింది కూడా ఏమీ ఉండదు.

పరిష్కారం: మొదటి పేరా రాయకముందే ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేయాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. "ఇంతవరకు ఎన్నడూ రక్తం ఇవ్వని మీరు, శనివారం జరిగే శిబిరానికి ఈ రోజే పేరు నమోదు చేసుకోండి" అన్నది అలాంటి వాక్యం. సేకరించిన ప్రతి అంశాన్నీ దాని పక్కన పెట్టి చూసి, దానికి బలం చేకూర్చనిది ఎంత ముచ్చటగా ఉన్నా తీసివేయాలి. ప్రణాళిక మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన పని లేదని నా నమ్మకం.

సమస్య: అంతా విన్నాక కూడా శ్రోతలు మొదటి సందేహాన్నే మళ్లీ అడుగుతున్నారు.

కారణం: రక్తం ఇస్తే నీరసపడిపోతామేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది. దాన్ని ప్రస్తావిస్తే లేని అనుమానాన్ని రేపినట్లవుతుందని వక్తలు జంకుతారు. నిజానికి అది అప్పటికే శ్రోత మనసులో ఉంటుంది, అది తీరేదాకా తక్కిన మాటలు చెవికెక్కవు.

పరిష్కారం: ఆ సందేహాన్ని వారి మాటల్లోనే, చులకన చేయకుండా చెప్పి, వెంటనే జవాబివ్వాలి. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుందని, ఒకసారి తీసుకునేది 350 నుంచి 450 మిల్లీలీటర్లేనని చెప్పి, మొదటిసారి సూదిని చూసినప్పుడు తమకు కలిగిన బెదురును కూడా వక్త దాచకుండా చెప్పగలిగితే, అరిస్టాటిల్ పేర్కొన్న మూడు సాధనాలు, అంటే తర్కం, శ్రోత భావోద్వేగం, వక్త మీద నమ్మకం, ఒక్కచోటే పనిచేస్తాయి. అయితే లెక్కలు ఇంతటితో ఆపాలి. పది లెక్కలు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

సమస్య: అంశాలన్నీ మంచివే, అయినా మధ్యలో దారి తప్పినట్లుంది.

కారణం: గుర్తుకొచ్చిన వరుసలోనే రాసుకోవడం. అవసరం తెలియకముందే పరిష్కారం చెప్పడం, రోగం తేలకముందే మందు ఇచ్చినట్లుంటుంది.

పరిష్కారం: అంశానికొక చీటీ చొప్పున రాసి, బల్ల మీద పరిచి, 1930లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో అలన్ మన్రో రూపొందించిన క్రమంలో పేర్చాలి: దృష్టిని ఆకట్టుకోవడం, అవసరాన్ని చూపడం, దాన్ని తీర్చే మార్గం చెప్పడం, ఆ మార్గం పట్టాక పరిస్థితి ఎలా ఉంటుందో కళ్లకు కట్టడం, చివరగా పని చేయమని కోరడం. సందేహానికి జవాబు మూడో మెట్టులో చక్కగా ఇముడుతుంది.

సమస్య: సమయం చాలక ముగింపు హడావిడిగా సాగింది.

కారణం: సాధన మౌనంగా చేయడం. మనసులో చదివే వేగం నోటితో పలికే వేగం కంటే ఎక్కువ.

పరిష్కారం: నిలబడి, గడియారం పెట్టుకుని, పైకి చదవాలి. సమయం మించితే నడుమ ఉన్న ఉదాహరణలను తగ్గించాలి తప్ప చివరి అభ్యర్థనను ముట్టుకోకూడదు. ఆ అభ్యర్థనను కంఠస్థం చేసుకుంటే, కాగితం చూడకుండా శ్రోతల కళ్లలోకి చూస్తూ చెప్పవచ్చు.