వింటి కొనకు తొడుగు వేయడం ఎలా?

సంప్రదాయ విళ్లలో తేలిగ్గా దెబ్బతినేది కింది కొన. బాణాలు ఏరుకునేటప్పుడు, వంతు కోసం నిలబడ్డప్పుడు, స్ట్రింగర్ (విల్లు వంచి నారి ఎక్కించడానికి వాడే, చివర కొనకు తొడిగే జేబు ఉన్న తాడు) లేకుండా నారి ఎక్కించేటప్పుడు దాన్ని నేలకు ఆనించేస్తారు. ఒంటి చెక్కతో చేసిన విల్లయితే కొన దగ్గర తెగిన పోగుల్లోంచి తడి పీల్చుకుంటుంది. చెక్క, ఫైబర్‌గ్లాస్ పొరలు అంటించిన విల్లయితే దెబ్బ తగిలిన అంచు దగ్గరే పొరలు విడిపోవడం మొదలవుతుంది. ఒక చిన్న రబ్బరు తొడుగు, అంటే టిప్ ప్రొటెక్టర్, వేస్తే ఇదంతా చాలావరకు తగ్గుతుంది. కానీ దాన్ని ఎలాగోలా నెట్టేస్తే కొత్త ప్రమాదం తెచ్చుకున్నట్టే.

కావలసినవి: మీ వింటి కొన వెడల్పుకు సరిపోయే తొడుగు, స్ట్రింగర్, పొడి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు. లాంగ్‌బో (పొడవాటి సాదా విల్లు) కొన సాధారణంగా సన్నగా, రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) కొన వెడల్పుగా ఉంటుంది కాబట్టి కొలిచి కొనండి. తోలు తొడుగులు అందంగానే ఉంటాయి. అయితే తడిస్తే సాగుతాయి, ఆరితే బిగుసుకుంటాయి. రబ్బరే వాడండి, అదీ పల్చటిది.

తొడుగు కింది కొనకే, పై కొనకు వద్దు. పై కొన నేలకు తగలదు. పైగా కొన దగ్గర పెరిగే బరువును ప్రతి బాణానికీ లింబ్, అంటే పిడికి పైనా కిందా ఉండే వంగే భాగం, మోయాలి. బాణానికి అందాల్సిన బలంలో కొంత ఆ బరువును కదిలించడానికే పోతుంది, చేతికి అదురూ ఎక్కువవుతుంది. జతగా ఉంటే బాగుంటుందని రెండు వైపులా మందపాటి తొడుగులు వేసి, బాణం ఎందుకు నెమ్మదించిందని అడిగితే ఏం చెప్పాలి?

ముందు నారి దించి కొన తుడవండి. పగులు కనిపిస్తే అక్కడితో ఆపి, విళ్లు బాగుచేసేవాళ్లకు చూపించండి. పగులును తొడుగుతో కప్పిపెట్టకూడదు. నారికి ఒక చివర పెద్ద లూప్ (ఉచ్చు), రెండో చివర చిన్న లూప్ ఉంటే పెద్దదాన్ని పై లింబ్ మీదకు జార్చి, చిన్నదాన్ని కింది కొన గాడిలో పెట్టండి. రబ్బరు బిరుసుగా ఉంటే కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, లోపలా బయటా తుడవండి. నూనె, వాసెలిన్ మాత్రం వద్దు. రబ్బరు పాడవుతుంది, లూప్ జారుతుంది.

ఇక అసలు పని. ఇక్కడ తొందరపడకండి.

నారి దించి ఉన్నప్పుడు లూప్ వదులుగా ఉంటుంది. తొడుగును నెడుతుంటే దాని అంచు లూప్‌ను కూడా లింబ్ మీదకు తోసేస్తుంది, లూప్ గాడిలోంచి బయటికొస్తుంది. పైన రబ్బరు కప్పేసి ఉంటుంది కాబట్టి మీకది కనిపించదు. అలాగే నారి ఎక్కిస్తే లూప్ గాడి అంచు మీద సగం పట్టుకుని నిలబడుతుంది. తర్వాత ఏ క్షణంలోనైనా జారి లింబ్ మెలిపడొచ్చు, లేదా లూప్ పూర్తిగా ఊడి లింబ్ విసురుగా వెనక్కి తిరగొచ్చు. ఆ దారిలో మీ ముఖం ఉంటే కన్ను పోయే ప్రమాదం ఉంది.

అందుకే ఎడమ చేత్తో నారిని వింటి లోపలి వైపు, అంటే బాణం వేసేటప్పుడు మీవైపు ఉండే వైపు, బిగుతుగా లాగి పట్టుకోండి. లూప్ గాడిని వదలకూడదు. తొడుగు చీలిక కూడా అదే వైపుకు తిప్పి, కుడి చేత్తో నిటారుగా నెట్టండి. మెలితిప్పుతూ ఎక్కిస్తే లూప్ ఒక పక్కకు పోతుంది. నారి చీలికలోంచి లింబ్ నడిమధ్యగా రావాలి. ఇప్పుడు రబ్బరు అంచు మడిచి రెండు పక్కలా చూడండి. లూప్ రెండు గాడుల్లోనూ ఒకే లోతులో ఉండాలి, దాని కింద రబ్బరు ఇరుక్కోకూడదు. సందేహం ఉంటే తీసి మళ్లీ వేయండి.

తర్వాత స్ట్రింగర్ జేబును తొడుగు మీద పెట్టి లాగి చూడండి. జేబు పూర్తిగా దిగకపోతే ఆ తొడుగు మీ స్ట్రింగర్‌కు పనికిరాదు, ఇంకా పల్చటిది తెచ్చుకోండి. కాలు అడ్డం వేసి విల్లు వంచే పాత పద్ధతికి మాత్రం పోవద్దు. దానివల్ల లింబ్‌లు మెలిపడొచ్చు. స్ట్రింగర్ తాడును తొక్కిపట్టి, ముఖం లింబ్‌ల దారిలో లేకుండా విల్లును మెల్లగా పైకెత్తి, పై లూప్‌ను గాడిలోకి జరపండి. వంపు మెల్లగా వదులుతూ, నారి బిగుసుకున్నాక కూడా తాడు మీంచి కాలు తీయకుండా రెండు కొనలూ చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే స్ట్రింగర్ తీయండి.

బ్రేస్ హైట్, అంటే నారికీ పిడికీ మధ్య దూరం, కొలవండి. మునుపటికంటే తేడా వస్తే లూప్ సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. నారిని కొద్దిగా లాగి, వేళ్లు వదలకుండా మెల్లగా తిరిగి రానివ్వండి. ఏదైనా పక్కకు జారినట్టు చప్పుడు వస్తే నారి దించేయండి. బాణం లేకుండా నారి ఎప్పుడూ వదలకూడదు, పరీక్ష కోసమైనా సరే.

తొడుగును జిగురుతో అంటించకండి. లోపలికి పోయిన తడి బయటికి రాదు, దేన్ని కాపాడాలనుకున్నామో అదే కుళ్లుతుంది. తడి గడ్డిలో తిరిగొస్తే తొడుగు తీసి, కొననూ తొడుగునూ విడివిడిగా ఆరబెట్టండి. చీలిక మొదట్లో చిన్న చిరుగు కనిపించినా ఆ రోజే కొత్తది వేయండి.