తుప్పు పట్టిన తుపాకీ గొట్టం మార్చాలంటే: దరఖాస్తు విధానం, నంబరు దగ్గర జాగ్రత్త

పంట కాపలాకని ఎప్పుడో తీసుకున్న మందు కూరే తుపాకులు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. లైసెన్స్ పుస్తకంలో వీటిని ‘ఎస్‌బీఎంఎల్’ అని రాస్తారు, అంటే మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం తుపాకీ. తుపాకీ మందు కాలాక గొట్టంలో మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కడగకుండా అటక మీద పెట్టేస్తే ఇనుమును లోపలి నుంచే తినేస్తుంది.

ఆ మధ్య రెన్యూవల్ కోసం వచ్చిన ఒక పెద్దాయనను వెనక్కి పంపడం చూశాను. తుపాకీ శుభ్రంగా కనబడాలని గొట్టాన్ని ఉప్పు కాగితంతో బాగా రుద్దించారట. తుప్పుతో పాటు నంబరులో చివరి రెండు అంకెలూ పోయాయి. గేటు దగ్గర ఒకతను వచ్చి, “డబ్బిస్తే నంబరు నేను కొట్టిస్తా” అన్నాడు. పెద్దాయన ఒప్పుకుని ఉంటే కేసు ఆయన మీదే పడేది.

ఆయుధాల చట్టం, 1959లోని 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది నంబరును చెరపకూడదు, మార్చకూడదు. అంతకన్నా ముఖ్యమైన మాట కూడా అందులోనే ఉంది. నంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత వాళ్లదే. అందుకే నంబరు ఇంకా కనబడుతుండగానే, గొట్టం మీద చెయ్యి వేయకముందే కాగితం సిద్ధం చేసుకోవాలి.

ముందు పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. తుపాకీ ఏ స్థితిలో ఉందో, నంబరులో ఏ అంకెలు చదవగలుగుతున్నామో రాతపూర్వకంగా నమోదు చేయమని అర్జీ ఇవ్వండి. నంబరును దగ్గరగా ఫొటో తీసి జత చేయండి. అర్జీ అందినట్టు మీ కాపీ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు. ఇప్పటికే సగం అంకెలు పోయి ఉన్నా భయపడి దాచకండి. తుప్పు వల్ల పోయాయని మీరే ముందుగా రాసిచ్చినదానికీ, తనిఖీలో బయటపడినదానికీ చాలా తేడా ఉంటుంది.

తర్వాతిది అసలు దరఖాస్తు. జిల్లాలో అయితే కలెక్టర్‌కు, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. లైసెన్స్ నకలు, యూఐఎన్ (లైసెన్స్‌దారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు), గుర్తింపు కార్డు, స్టేషన్ కాగితం, ఫొటోలు జత చేస్తే చాలావరకు సరిపోతుంది. లైసెన్స్ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే మాత్రం మరమ్మతు మాట తర్వాత. తుపాకీని స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, ముందు మీ పేరున లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోండి.

అనుమతి చేతికొచ్చాక పని చేయించాల్సింది మరమ్మతుకు లైసెన్స్ ఉన్న చోటే. ఊళ్లో కమ్మరి ఎంత పనిమంతుడైనా ఆయన చేత చేయిస్తే ఇద్దరికీ ఇబ్బందే. మూతి దగ్గర తుప్పు పట్టిన ముక్కను కోసేస్తే పోతుందని కొందరు సలహా ఇస్తారు. దయచేసి వినకండి. గొట్టం పొట్టి చేయడానికి 6వ సెక్షన్ కింద విడిగా లైసెన్స్ కావాలి. నున్నటి గొట్టం తీసి లోపల గాడులున్నది వేయించడం కూడా ఆ సెక్షన్ పరిధిలోకి రావచ్చు. కాబట్టి పాతదాని కొలత, రకం ఏవో దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి.

తుపాకీని కదిలించేముందు ఒక్క సంగతి. ఏళ్ల కిందట కూరిన మందు లోపల అలాగే ఉండొచ్చు. మూతిని మనుషులకు దూరంగా తిప్పి, మొహం పక్కకు పెట్టి, మందు దట్టించే కడ్డీని మెల్లగా లోపలికి జార్చండి. ఎంత లోతు దిగిందో గుర్తు పెట్టుకుని, బయట గొట్టం పక్కన ఆనించి చూడండి. అడుగుదాకా దిగకపోతే లోపల ఏదో ఉన్నట్టే. దాన్ని మీరు తీయొద్దు, వేడి అసలే తగలనివ్వొద్దు. ఆ సంగతి స్టేషన్‌కు, మరమ్మతు చేసేవాళ్లకు ముందే చెప్పండి.

తీసేసిన పాత గొట్టం తుక్కు కాదు. తుపాకీ భాగం కూడా చట్టం దృష్టిలో ఆయుధమే. పాత ఇనుముకు అమ్మినా, గుర్తుగా గోడకు తగిలించుకున్నా చిక్కే. దాన్ని ఎవరికి అప్పగించాలో అనుమతి ఉత్తర్వులోనే రాయమని అడగండి, అప్పగించాక రశీదు తీసుకోండి.

కొత్త గొట్టం నంబరు లైసెన్స్ పుస్తకంలో ఎక్కేదాకా పని పూర్తయినట్టు కాదు. నంబరు ఎక్కించి పుస్తకం ఇచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి, మరమ్మతు రశీదులోని అంకెలతో ఒక్కొక్కటీ పైకి చదువుతూ సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడికక్కడే దిద్దించండి.