‘నా డౌట్ సర్వర్ మీద’ అన్నారు, అవతలివాళ్లు సర్వర్‌ని వదిలేశారు: దగ్గరి ఇంగ్లీషు మాటలతో వచ్చే చిక్కులు

రెండు ఇంగ్లీషు మాటల్లో ఏది వాడాలో తేలకపోతే చాలామంది ఇంగ్లీషు-తెలుగు యాప్ తెరుస్తారు. సే అంటే చెప్పు, టెల్ అంటే చెప్పు. హియర్ అంటే విను, లిజన్ అన్నా విను. అంతటితో యాప్ మూసేసి నోటికొచ్చింది వాడేస్తారు. రెండింటికీ తెలుగు అర్థం ఒకటే అయినప్పుడు ఆ తెలుగు అర్థం చూసి ఏం లాభం?

దానికి బదులు లర్నర్స్ డిక్షనరీ చూడండి, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం ఇంగ్లీషులోనే అర్థాలు రాసిన డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ వాళ్లవి నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. లాంగ్‌మన్‌లో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే రాస్తారు కాబట్టి భయపడక్కర్లేదు. అర్థం చదవకపోయినా సరే, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు నాలుగు చదివి, ఆ మాట వెనక ఏమొస్తోందో చూడండి. టెల్ వెనక మనిషి వస్తాడు: టెల్ మి, టెల్ హర్. సే వెనక చెప్పిన సంగతి వస్తుంది, మనిషిని తేవాలంటే మధ్యలో టు పెట్టాలి. టెల్ ది ట్రూత్, టెల్ ఎ లై లాంటివి కొన్ని దారి తప్పుతాయి, వాటిని అలాగే గుర్తుపెట్టుకోవాలి. ఈ ఒక్క నిమిషం పని చేయకుండా ‘నాకు ఇంగ్లీషు రాదు’ అని కూర్చోవడం అలవాటైపోయింది.

లక్షణం: మామూలుగా అడిగినా కాల్‌లో అవతలివాళ్లు నొచ్చుకుంటారు

‘ఆర్ యూ లిజనింగ్ టు మి?’ అని అడిగి ఉంటారు. లైన్ సరిగా ఉందో లేదో తెలుసుకుందామని మీ ఉద్దేశం. వాళ్లకి మాత్రం ‘అసలు వింటున్నావా?’ అని కసిరినట్టు తగులుతుంది. తెలుగులో ఏమంటారో ఒకసారి అనుకోండి. ‘వినిపిస్తోందా’ అంటే హియర్, ‘వింటున్నారా’ అంటే లిజన్. ‘కనిపిస్తోందా’కి సీ, ‘ఇటు చూడండి’కి లుక్ కూడా ఇదే లెక్క. తేడా మన భాషలో ఉంది, యాప్ దాన్ని మింగేస్తోంది.

లక్షణం: ‘సిన్స్ టూ ఇయర్స్’ అని రాస్తే ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు

రెండేళ్ల నుంచి, సోమవారం నుంచి, రెండింటికీ ‘నుంచి’ వాడతాం కాబట్టి వచ్చే తప్పు ఇది. ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్లుగా’ కుదిరింది, అయితే ఫర్. ‘సోమవారంగా’ కుదరదు, అయితే సిన్స్. ‘2021గా’ అని ఎవరూ అనరు, కాబట్టి సిన్స్ 2021.

లక్షణం: ‘టిల్ ఫ్రైడే పంపుతాను’ అంటే ఎప్పుడొస్తుందని మళ్లీ అడుగుతారు

ఇది మన తప్పు కాదు, పక్క సీటు నుంచి అంటుకున్నది. హిందీలో ‘తక్’ ఒక్కటే ‘దాకా’కీ ‘లోగా’కీ సరిపోతుంది, బెంగళూరు ఆఫీసుల్లో అది వినీ వినీ మనకీ పట్టేసింది. తెలుగుకే తిరిగి రండి: శుక్రవారంలోగా అంటే బై, శుక్రవారం దాకా అంటే టిల్.

లక్షణం: గ్రామర్ తప్పు లేదు, ఎర్రగీత పడలేదు, అర్థం మాత్రం తలకిందులు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, చివరిదాకా కనిపెట్టలేనిదీ ఇదే. రాత్రి కాల్‌కి ముందు బెంగళూరు మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో కూర్చున్న మనవాళ్లెవరో అమెరికా క్లయింటుకి ‘ఐ డౌట్ ది సర్వర్ ఈజ్ డౌన్’ అని మెయిల్ పెడతారు. మనసులో ఉన్నది ‘సర్వర్ పడిపోయిందని నా డౌట్’. క్లయింటుకి అర్థమయ్యేది ‘సర్వర్ పడిపోయి ఉంటుందని నేననుకోను’. ఆయన సర్వర్‌ని లిస్టులోంచి కొట్టేసి ఇంకెక్కడో వెతుకుతాడు. ఇదే తిరగేసి కూడా జరుగుతుంది. క్లయింటు ‘ఐ డౌట్ ఇట్స్ ది నెట్‌వర్క్’ అని రాస్తే మనవాళ్లు రాత్రంతా నెట్‌వర్క్ తవ్వుతారు. ఆయన చెప్పింది నెట్‌వర్క్ జోలికి పోవద్దని.

కారణం ఏమిటంటే, డౌట్ ఎప్పుడో తెలుగు మాటైపోయింది. తెలుగులోకొచ్చాక ‘అనుమానం’ చేసే పనులన్నీ, పైగా ‘సందేహం’ పని కూడా నెత్తినేసుకుంది. ఇంగ్లీషు డౌట్‌కి అంత విశాలం లేదు, అది నమ్మకం లేకపోవడం దగ్గరే ఆగిపోతుంది. తెలియని మాటకైతే డిక్షనరీ తెరుస్తాం. డౌట్‌కి అర్థం ఎవరు వెతుకుతారు? గ్రామర్ చెకర్ కూడా పట్టదు, ఎందుకంటే వాక్యం నిక్షేపంగా ఉంది. బెంగళూరులో ఉంటే ఇంకో ఇబ్బంది: కన్నడవాళ్లూ తమిళులూ కూడా డౌట్‌ని మనలాగే వాడతారు, కాబట్టి ఆఫీసులో పదేళ్లు తిరిగినా ఎవరూ దిద్దరు. సముద్రం దాటాకే పేలుతుంది.

విడదీయడం మాత్రం తేలికే. మీ వాక్యాన్ని తెలుగులో అనుకుని డౌట్ ముందు ఏముందో చూడండి. ‘పడిపోయిందని డౌట్’, అంటే ‘అని’ ఉంటే, ఇంగ్లీషులో సస్పెక్ట్. ‘వస్తాడో రాడో డౌట్’, అంటే ‘ఓ’లు రెండు ఉంటే, ఐ యామ్ నాట్ షూర్. ‘రాడనే నా నమ్మకం’ అన్నంత గట్టిగా ఉంటేనే ఐ డౌట్ హీ విల్ కమ్. ఇక ‘ఒక డౌట్ అడగాలి’ అంటే క్వశ్చన్, అంతే. ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’ అంటే మీ డిజైన్ మీద నాకు నమ్మకం కుదరడం లేదని, అడిగింది చిన్న ప్రశ్నే అయినా.

సస్పెక్ట్ అనగానే పోలీస్ స్టేషన్ గుర్తొచ్చి చాలామంది వెనక్కి తగ్గుతారు. వెనక మనిషిని పెట్టి ‘ఐ సస్పెక్ట్ హిమ్’ అంటేనే ఆ వాసన. వెనక వాక్యం పెట్టి ‘ఐ సస్పెక్ట్ ది సర్వర్ ఈజ్ డౌన్’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. అప్పటికీ మనసొప్పకపోతే ‘ఐ థింక్’ అనండి. మెయిల్ వెళ్లిపోయిందా? వెంటనే ఇంకొకటి పంపండి: ‘టు బి క్లియర్, ఐ థింక్ ది సర్వర్ ఈజ్ డౌన్’. క్షమాపణ పేరాలు అక్కర్లేదు.

డౌట్ ఒక్కటే కాదు, ఈ జాతి మాటలు ఇంకా ఉన్నాయి. నాన్నకి సీరియస్‌గా ఉందని సెలవు చీటీలో ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్’ అని రాస్తే, నాన్నగారు నవ్వులాటకి అనడం లేదని అర్థం. సీరియస్లీ ఇల్ అని రాయాలి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే అమెరికావాడి చెవికి ఆ ఏడు మీరు స్పృహ తప్పి పడిపోయారని, గ్రాడ్యుయేటెడ్ అనండి. డీసెంట్ మరీ మోసం. మన దగ్గర డీసెంట్ మనిషి అంటే మర్యాదస్తుడు, మెచ్చుకోలు. అదే అవతలి టీమ్ పనిని ‘డీసెంట్ జాబ్’ అంటే చాలాసార్లు ‘పర్లేదు, నడుస్తుంది’ అన్నట్టే. మెచ్చుకుందామనుకుంటే గుడ్, గ్రేట్ ఉండనే ఉన్నాయి.

వీటిని పట్టుకోవడానికి కోర్సులేమీ వద్దు. పోయిన వారం పంపిన మెయిళ్లు పది తీయండి. వాటిలో ఊళ్లో అమ్మమ్మ కూడా వాడే ఇంగ్లీషు మాటలకి గీత పెట్టండి: డౌట్, సీరియస్, ఫీల్, టెన్షన్, హోటల్, డ్రెస్. కష్టమైన మాటల జోలికి పోవద్దు, అవి ఎలాగూ చూసే వాడారు. గీత పెట్టిన ప్రతి మాటకీ లర్నర్స్ డిక్షనరీలో ఉదాహరణలు చదవండి. అమ్మమ్మ అనే అర్థం ఆ ఉదాహరణల్లో కనిపించకపోతే ఆ మాట మెయిల్లోంచి తీసేయండి. ఇంట్లో మాట్లాడేటప్పుడు హాయిగా వాడుకోండి, అక్కడ అది తెలుగే.

మిగతావి

అఫెక్ట్, ఎఫెక్ట్: దాదాపు ఎప్పుడూ మొదటిది క్రియ, రెండోది నామవాచకం. అడ్వైజ్, అడ్వైస్ కూడా అంతే. బారో అంటే తీసుకోవడం, లెండ్ అంటే ఇవ్వడం. ప్రాక్టీస్‌ని సీతో రాయాలా ఎస్‌తో రాయాలా అన్నది బ్రిటన్, అమెరికా గొడవ: బ్రిటన్‌లో క్రియకి ఎస్, నామవాచకానికి సీ, అమెరికాలో రెండింటికీ సీ. క్లయింటు ఏ దేశమో చూసి అదే రాయండి.